సీసం గొట్టం సగం మారిస్తే చాలదు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వీధిలోని పెద్ద నీళ్ల పైపు (మెయిన్) నుంచి ఇంటికి వచ్చే గొట్టం, అంటే సర్వీస్ లైను, ఏ లోహానిదో జాబితా రాసి పెట్టమని అమెరికాలోని నీటి సంస్థలకు ప్రభుత్వం 2024 అక్టోబరు 16 వరకు గడువిచ్చింది. దాంతో లక్షల ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. "మీది సీసం గొట్టం" అని కొన్నింటిలో, "మీది ఏదో తెలియదు" అని మరికొన్నింటిలో ఉంది. ఆ ఉత్తరాలు అందుకున్న తెలుగువాళ్లు మాకు రాసిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ఇంగ్లండు నుంచి, సికింద్రాబాద్ నుంచి వచ్చినవి కూడా చివర్లో ఉన్నాయి.

ప్రశ్న: న్యూజెర్సీలో 1920ల నాటి ఇల్లు కొన్నాం. నీళ్ల కంపెనీ ఉత్తరంలో మా సర్వీస్ లైను "తెలియదు" అని ఉంది. ప్లంబరును పిలవకుండా మేమే తెలుసుకోగలమా?

జవాబు: ఇంట్లోకి వచ్చే భాగం వరకు మీరే తెలుసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. బేస్‌మెంటులో వీధి వైపు గోడ దగ్గర, గొట్టం నేలలోంచో గోడలోంచో పైకి వచ్చే చోటు వెతకండి. మీటరుకూ మెయిన్ వాల్వుకూ ముందు ఉన్న ముక్కనే చూడాలి. మీటరు దాటాక కనిపించే రాగి గొట్టం చూసి మనది రాగేనని తేల్చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఆ ముక్క మీద మట్టి, రంగు ఉంటే తడి గుడ్డతో తుడిచి, కాసు అంచుతో కొద్దిగా గీకండి. పైన మసి బూడిద రంగులో ఉండి, గీకిన చోట వెండిలా తళతళలాడితే, అయస్కాంతం అంటుకోకపోతే, అది సీసం. సీసం మెత్తన కాబట్టి కాసుకే సులువుగా గీత పడుతుంది. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే గాల్వనైజ్డ్ ఇనుము, గీకితే ఎర్రగా కనిపిస్తే రాగి. ఇంకో గుర్తు కూడా ఉంది. సీసం గొట్టాన్ని వాల్వుకు అతికిన చోట చిన్న ఉల్లిపాయంత నున్నని ఉబ్బు ఉంటుంది. పాతకాలపు పనివాళ్లు కరిగిన లోహాన్ని గుడ్డతో తుడుస్తూ చేసిన అతుకు అది. ఆ ఉబ్బు కనిపిస్తే దాదాపు అనుమానం అక్కర్లేదు. చాకుతో, రంపంతో మాత్రం గీకొద్దు. గీకాక చేతులు కడుక్కోండి, రాలిన పొడిని తడి కాగితంతో తీసేయండి.

గాల్వనైజ్డ్ అని తేలినా నిశ్చింతగా ఉండొద్దు. దానికి ముందు వీధి వైపు సీసం ముక్క ఎప్పుడైనా ఉండి ఉంటే, లోపలి తుప్పు ఏళ్ల తరబడి ఆ సీసాన్ని పట్టి ఉంచుకుని, కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే నిబంధనల్లో అలాంటి గొట్టాన్ని కూడా మార్చాల్సినవాటి కిందే లెక్కిస్తారు.

ఫుట్‌పాత్ దగ్గరి కర్బ్ వాల్వు నుంచి మెయిన్ దాకా ఉన్న భాగం మీకు కనపడదు. అక్కడ కంపెనీవాళ్లే చిన్న గొయ్యి తీసి చూడాలి. మీ బేస్‌మెంటు ఫొటో, గీకిన చోటు స్పష్టంగా కనిపించేలా తీసి కంపెనీకి పంపండి. "తెలియదు" అన్న జాబితాలోంచి బయటపడితేనే మార్పిడి వరసలో మీకు చోటు దొరుకుతుంది. న్యూజెర్సీ 2021లో చేసిన చట్టం ప్రకారం సీసం సర్వీస్ లైన్లన్నీ పదేళ్లలో మార్చాలి.

ప్రశ్న: షికాగోలో ఉంటున్నాం. మాది సీసం గొట్టమేనని తేలింది, మార్చడానికి ఇంకా టైం పడుతుందట. మా అత్తయ్యగారు నీళ్లు మరిగించి, చల్లార్చి, వడగట్టి ఇస్తున్నారు. నాలుగు నెలల పాపకు పాలపొడి ఆ నీళ్లతోనే కలుపుతున్నాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. దయచేసి ఇవాళే ఆపండి. నీళ్లు కాచి తాగడం మన ఇళ్లలో తరతరాల మంచి అలవాటే, సూక్ష్మక్రిములకు అదే మందు. కానీ సీసం ఆవిరై పోయేది కాదు. రెండు లీటర్లు మరిగి ఒకటిన్నర అయితే, రెండు లీటర్లలోని సీసం అంతా ఆ ఒకటిన్నరలోనే మిగులుతుంది. కాచేకొద్దీ చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా కరిగిన సీసం ఆగదు.

పాప విషయం మరీ ముఖ్యం. పూర్తిగా పాలపొడి మీద ఉన్న పసిబిడ్డకు శరీరంలోకి చేరే సీసంలో 40 నుంచి 60 శాతం నీటి నుంచే రావచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. ముందుగా సీసం తగ్గించే ఫిల్టరు తెచ్చుకోండి. డబ్బా మీద "ఎన్‌ఎస్‌ఎఫ్ 53" అనే ప్రమాణ గుర్తు ఉండి, దాని కింద సీసం తగ్గింపు అని విడిగా రాసి ఉండాలి. "ఎన్‌ఎస్‌ఎఫ్ 42" ఒక్కటే ఉంటే అది ప్రధానంగా క్లోరిన్ వాసన, రుచి కోసం. చౌకగా దొరికే జగ్గుల్లో చాలావాటికి అదే ఉంటుంది, ఒకే కంపెనీ జగ్గులో మామూలు కాట్రిడ్జి వేరు, సీసానికి పనికొచ్చే కాట్రిడ్జి వేరు. ఆర్‌ఓ అయితే "ఎన్‌ఎస్‌ఎఫ్ 58". కాట్రిడ్జి గడువు దాటితే ఫిల్టరు లేనట్టే లెక్క. ఫిల్టరులోకి చన్నీళ్లే పోయాలి. ఫిల్టరు చేసిన తర్వాత పాప కోసం కాచుకోవచ్చు. వరస అదే, ముందు ఫిల్టరు, తర్వాత పొయ్యి.

వంట కూడా లెక్కలోకి తీసుకోండి. మన వంటలో నీళ్లు కడుపులోకి వెళ్లే దారులు చాలా. అన్నానికి ఎసరు, పప్పు, చారు, టీ, ఇడ్లీపిండికి పోసే నీళ్లు. బియ్యం, పప్పులు నానబెట్టేది కూడా ఫిల్టరు నీళ్లతోనే, ఎందుకంటే గింజ నీటిని పీల్చుకుంటుంది. త్వరగా ఎసరు మరగాలని వేడినీళ్ల కుళాయి తిప్పడం చాలా ఇళ్లలో ఉంది. వేడినీరు సీసాన్ని ఎక్కువ లాగుతుంది కాబట్టి తాగడానికి, వంటకు ఆ కుళాయి వాడొద్దు. స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోమడానికి భయం లేదు. సీసం చర్మం గుండా లోపలికి వెళ్లదు. స్నానం చేసేటప్పుడు పాప నీళ్లు మింగకుండా చూసుకుంటే చాలు.

రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లు పొద్దున్నే వదిలేయాలని వినే ఉంటారు. ఎంతసేపో లెక్క చూద్దాం. ముప్పావు అంగుళం గొట్టంలో అడుగుకు సుమారు 87 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది. వీధి నుంచి ఇంటికి 50 అడుగులైతే నాలుగు లీటర్ల పైన. ఇంట్లో అరంగుళం రాగి గొట్టంలో అడుగుకు 46 మిల్లీలీటర్ల లెక్కన, 60 అడుగులకు దాదాపు రెండు ముప్పావు లీటర్లు. మొత్తం ఏడు లీటర్లు. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కుళాయికి నిమిషం పైచిలుకు పడుతుంది. కానీ గొట్టం గోడలను ఆనుకున్న నీరు మధ్యనున్న నీటికన్నా నెమ్మదిగా కదులుతుంది, కొత్త నీరు కూడా సీసం గుండానే వస్తోంది. అందుకని ఐదు నిమిషాలు వదలండి. ఎవరైనా స్నానం చేశాక, వాషింగ్ మెషిన్ తిరిగాక వంటింటి కుళాయి తిప్పితే వృథా తక్కువ. వదలడం ఫిల్టరుకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

షికాగోలో మీ ఇల్లు ఒంటరి కాదు. చిన్న ఇళ్ల కనెక్షన్లకు సీసమే వేయాలని ఆ నగర నిబంధన 1986 దాకా ఉండేది. దాదాపు నాలుగు లక్షల గొట్టాలున్నాయని అంచనా, దేశంలో ఏ ఊళ్లోనూ ఇన్ని లేవు. అందుకే వరస పొడవు.

ప్రశ్న: మా ఊళ్లో సిటీవాళ్లు కర్బ్ వాల్వు వరకు మారుస్తామన్నారు. అక్కణ్ణుంచి ఇంటి వరకు మా ఖర్చట. కాంట్రాక్టరు చెప్పిన రేటు వేల డాలర్లలో ఉంది. సిటీ భాగం ఇప్పుడు కానిచ్చి, మాది వచ్చే ఏడాది చేయించుకుంటే సగం సీసమైనా తగ్గుతుంది కదా?

జవాబు: ఈ సంచికకు వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా జవాబివ్వాల్సింది ఇదే. సగం మారిస్తే సగం తగ్గదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల పాటు పెరుగుతుంది.

పాత సీసం గొట్టం లోపల దశాబ్దాలుగా ఒక పొర పేరుకుని ఉంటుంది. నీటి సంస్థలు ఆర్థోఫాస్ఫేటు అనే రసాయనం కలిపేది కూడా ఆ పొర గట్టిపడి, కింది సీసం నీటికి తగలకుండా ఉండాలనే. గొట్టాన్ని మధ్యలో కోసి, వంచి, పక్కన మట్టి తవ్వితే ఆ పొర పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులో ఒక్క మిల్లీగ్రాము సీసం, అంటే ఆవగింజ కన్నా తక్కువ బరువు, లీటరు నీళ్లలో పడితే 1000 పీపీబీ అవుతుంది (ఒక పీపీబీ అంటే లీటరుకు ఒక మైక్రోగ్రాము). నిబంధనల్లో ఇప్పటిదాకా ఉన్న హెచ్చరిక అంకె 15 పీపీబీ. రెండో కారణం, కొత్త రాగినీ పాత సీసాన్నీ నేరుగా కలిపితే ఆ అతుకు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. రెండు లోహాలు, మధ్యలో నీరు. అందులో అరిగిపోయేది సీసమే.

ఇది ఊహాగానం కాదు. వాషింగ్టన్ నగరంలో 2000లో క్రిములను చంపడానికి క్లోరిన్ బదులు క్లోరమైన్ అనే రసాయనం వాడడం మొదలుపెట్టాక గొట్టాల్లోని పొర కరిగి నీటిలో సీసం విపరీతంగా పెరిగింది. దానికి విరుగుడుగా వేల ఇళ్లకు వీధి వైపు సగం మాత్రం మార్చారు. అలా సగం మార్చిన ఇళ్లలో పిల్లలకు ముప్పు తగ్గలేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. 2011లో ఈపీఏ శాస్త్ర సలహా మండలి కూడా సగం మార్పిడి మీద ఆధారపడలేమని చెప్పింది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త నిబంధన మెయిన్ నుంచి ఇంటి వరకు పూర్తి గొట్టమే మార్చాలంటుంది. 2027 నవంబరు నుంచి పదేళ్ల గడువు మొదలవుతుంది, హెచ్చరిక అంకె కూడా 15 నుంచి 10 పీపీబీకి దిగుతుంది.

కాబట్టి సిటీవాళ్లకు ఇవాళే రాతపూర్వకంగా అడగండి. రెండు భాగాలూ ఒకే రోజు, ఒకే గొయ్యి మీద చేయగలరా, ఇంటి భాగానికి సాయం ఉందా, వాయిదాల్లో నీళ్ల బిల్లుతో పాటు కట్టే ఏర్పాటు ఉందా అని. 2021 మౌలిక వసతుల చట్టంలో ఈ పనికే 1500 కోట్ల డాలర్లు కేటాయించారు. చాలా ఊళ్లలో ఇంటి భాగం కూడా ఉచితంగానో తక్కువకో చేస్తున్నారు, కానీ పేరు నమోదు చేసుకున్నవాళ్లకే. నెవార్క్ నగరం ఇంటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోకుండా, యజమాని అందుబాటులో లేకపోతే అద్దెకున్నవాళ్ల అనుమతితోనే లోపలికి వెళ్లే స్థానిక చట్టం చేసుకుని, మూడేళ్లలోపే 23 వేలకు పైగా గొట్టాలు మార్చేసింది. డబ్బుకన్నా, అనుమతి కాగితాలకన్నా ముందు వీధి మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవడం అక్కడ కలిసొచ్చింది. మీ వీధిలో నలుగురు కలిసి అడిగితే కాంట్రాక్టరు రేటు కూడా తగ్గుతుంది. యంత్రాన్నీ మనుషుల్నీ మళ్లీ మళ్లీ తేవడమే ఖర్చులో పెద్ద వాటా.

అన్నీ అడిగినా కుదరకపోతే, సిటీ భాగాన్ని కూడా ఆపించి, ఇద్దరిదీ కలిసే రోజు దాకా ఫిల్టరు మీద ఉండడం మేలని మా అభిప్రాయం. మెయిన్ పగిలి అత్యవసరంగా మార్చాల్సి వస్తే వేరు. అప్పుడు రెండు లోహాల మధ్య ప్లాస్టిక్ కప్లింగు పెట్టించండి, ఆ రోజు నుంచే ఫిల్టరు నీళ్లు తాగండి.

ప్రశ్న: వచ్చే వారం మా గొట్టం మారుస్తున్నారు. ఆ రోజు ఏం జరుగుతుంది? మేం ఏం సిద్ధం చేసుకోవాలి? రాగి మంచిదా, ప్లాస్టిక్ మంచిదా?

జవాబు: తవ్వేవాళ్లు ముందుగా 811కు ఫోన్ చేసి గ్యాసు, కరెంటు, కేబుల్ గీతలు వేయించారో లేదో అడగండి. మీ పచ్చిక మీద రంగు గీతలు కనిపించకుండా జేసీబీ దిగకూడదు. గీతలు వేసేవాళ్లు మీ సొంత స్ప్రింక్లరు గొట్టాలకు గుర్తు పెట్టరు, అవి మీరే జెండాలు పాతి చూపించాలి. బేస్‌మెంటులో గొట్టం వచ్చే చోటు చుట్టూ మూడు నాలుగు అడుగులు ఖాళీ చేయండి. దాని ముందు పచ్చళ్ల జాడీల అలమారో, దేవుడి గదో కట్టి ఉంటే ముందే చెప్పాలి, గోడ పలక కోయాల్సి వస్తుంది. ముందురోజు రాత్రే తాగడానికి, వంటకు ఫిల్టరు నీళ్లు, బాత్‌రూంకు రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి. పని ఒక పూట నుంచి ఒక రోజు పడుతుంది, అందులో నీళ్లు బందయ్యేది కొన్ని గంటలు.

పద్ధతులు రెండు మూడు. వీధి నుంచి ఇంటి దాకా కాలువలా తవ్వడం పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా మెయిన్ దగ్గరో కర్బ్ దగ్గరో ఒక గొయ్యి, ఇంటి గోడ దగ్గర ఒక గొయ్యి తీసి, పాత సీసం గొట్టంలోంచి ఉక్కు తాడు దూర్చి, పాతదాన్ని లాగుతూ దాని వెనకే కొత్తదాన్ని తెస్తారు. అది కుదరకపోతే మట్టిలో అడ్డంగా కన్నం చేసే యంత్రంతో పక్కన కొత్త దారి చేస్తారు. అప్పుడు పాత గొట్టం నీళ్లు లేకుండా భూమిలోనే ఉండిపోతుంది, దానివల్ల ఇక మీ నీళ్లకు హాని లేదు. చలి ప్రాంతాల్లో గడ్డకట్టే లోతుకు కిందనే గొట్టం పోవాలి, షికాగో వైపు గొట్టం ఐదడుగుల లోతున వేస్తారు. మధ్యలో బండ, చెట్టువేరు తగిలితే పని ఆగేది ఇక్కడే.

రాగి అయితే "టైప్ కే" అనే మందపాటి రకం, అంగుళం సైజు అడగండి. అది చుట్టగా వస్తుంది కాబట్టి కర్బ్ నుంచి ఇంటి దాకా మధ్యలో అతుకు లేకుండా వేయవచ్చు, వేయాలి కూడా. భూమిలో అతుకు ఉంటే రేపు కారేది అక్కడే. ప్లాస్టిక్ చౌక, తుప్పు పట్టదు. రెండు సంగతులు మాత్రం చూడండి. దగ్గర్లో పాత పెట్రోలు బంకు, భూమిలో నూనె ట్యాంకు ఉంటే పెట్రోలు పదార్థాలు కొన్ని రకాల ప్లాస్టిక్ గోడలోంచి నీళ్లలోకి చొచ్చుకుపోతాయి. అలాంటి చోట రాగే. ఇక ప్లాస్టిక్ వేస్తే దాని వెంట గుర్తు తీగ కూడా వేయించండి, లేకపోతే రేపు భూమిలో అది ఎక్కడుందో ఏ యంత్రమూ పట్టలేదు.

గొట్టం మెయిన్‌కు కలిసే చోట ఉండే పాత ఇత్తడి వాల్వు ("కార్పొరేషన్ వాల్వు" అంటారు), కర్బ్ వాల్వు, ఇంట్లో మెయిన్ వాల్వు మూడూ కొత్తవి వేస్తున్నారా అని అడగండి. 2014కు ముందు "సీసం లేనివి" అని అమ్మిన ఇత్తడి సామానులో 8 శాతం దాకా సీసం ఉండనిచ్చేవారు. ఆ ఏడాది నుంచి నీరు తగిలే భాగంలో 0.25 శాతానికి మించకూడదు. ఇంట్లో పాత గేటు వాల్వు ఉంటే, అది ఏళ్లుగా తిప్పకపోతే, పూర్తిగా మూసుకోదు. దాని స్థానంలో బాల్ వాల్వు పెట్టించుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ఇప్పుడు అసలు పని, చాలామంది ప్లంబర్లు హడావిడిగా చేసి వెళ్లిపోయే పని, ఫ్లషింగు. కొత్త గొట్టానికి నీళ్లు వదిలిన వెంటనే ఒక్క గ్లాసు కూడా పట్టకముందు ఇది జరగాలి. ఇంట్లోని కుళాయిలన్నింటి చివర జాలీలు విప్పేయండి. వాటర్ సాఫ్టెనరు, ఇంటి మొత్తానికి పెట్టిన ఫిల్టరు ఉంటే బైపాస్‌లో పెట్టండి. గీజరుకు వెళ్లే చన్నీళ్ల వాల్వు మూసేయండి. బేస్‌మెంటులోని కుళాయితో మొదలుపెట్టి, ఒక్కో అంతస్తూ పైకి వెళ్తూ, చన్నీళ్ల కుళాయిలన్నీ పూర్తిగా తిప్పండి. అన్నీ ఒకేసారి అరగంట పాటు పారాలి. సన్నగా వదిలితే లాభం లేదు, వేగం ఉంటేనే పెచ్చులు కొట్టుకొస్తాయి. అరగంటయ్యాక పై అంతస్తు నుంచి మూసుకుంటూ కిందికి రండి. నీళ్లు వెయ్యి రెండు వేల లీటర్లు పోతాయి, ఆ బిల్లు చూసి వెనకాడొద్దు. జాలీలు కడిగి బిగించండి. వాటిలో ఇసుకలా బూడిద రంగు రవ్వ కనిపిస్తే పని చేసిందన్నమాట. ఫ్రిజ్‌లో ఐసు ఉంటే పారేయండి, ఐసు గొట్టం ఫిల్టరు మార్చండి.

ఆ తర్వాత ఆరు నెలలు ఫిల్టరు నీళ్లే తాగండి, నెలకోసారి జాలీలు కడగండి. నిబంధన ప్రకారం గొట్టం మార్చిన నీటి సంస్థ జగ్గు ఫిల్టరు, ఆరు నెలలకు సరిపడా కాట్రిడ్జీలు ఇవ్వాలి, మూడు నుంచి ఆరు నెలల మధ్య నీటి పరీక్షా చేయాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

గోతులు పూడ్చాక మట్టి కుంగుతుంది. పచ్చిక, ఫుట్‌పాత్ సిమెంటు ఎప్పుడు, ఎవరు సరిచేస్తారో కాగితం మీద రాయించుకోండి. గోడలో గొట్టం వచ్చే రంధ్రం చుట్టూ సీలు సరిగా పడిందో లేదో మొదటి పెద్ద వానకు చూడండి. కొత్త గొట్టం, పాత గొట్టం ఫొటోలు, పర్మిట్ కాగితం దాచుకోండి. ఇల్లు అమ్మే రోజున అవి విలువైనవి.

ప్రశ్న: గొట్టం మార్చేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవమని ఒకరన్నారు. నీళ్ల గొట్టానికీ కరెంటుకూ సంబంధమేమిటి?

జవాబు: ఆయన చెప్పింది నిజం. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగు తీగను నీళ్ల గొట్టానికే క్లాంపు వేసి బిగించేవారు, మీటరు దగ్గర చూస్తే మందపాటి తీగ కనిపిస్తుంది. లోహపు గొట్టం తీసి ప్లాస్టిక్ వేస్తే ఇంటికి ఎర్తింగు పోతుంది. రాగి వేసినా, భూమిలో పదడుగులకు మించి ఉన్న లోహపు గొట్టాన్ని ఎర్తింగుగా లెక్కించినా, దానికి తోడు ఇంకో ఎర్తింగు ఉండాలని విద్యుత్ నిబంధన. సాధారణంగా ఎనిమిదడుగుల కడ్డీలు రెండు, ఆరడుగుల ఎడంగా పాతుతారు. ఇది గొట్టం కోయకముందే అయిపోవాలి. న్యూట్రల్ లోపం ఉన్న ఇంట్లో కరెంటు ఆ గొట్టం మీదుగానే తిరిగి వెళ్తుంటుంది. గొట్టం కోసి రెండు చివరలూ చేతుల్తో పట్టుకున్న ప్లంబరుకు షాకు కొడుతుంది. మీ ఇంట్లో దీపాలు కొన్ని మసకబారుతూ కొన్ని కాంతి పెరుగుతూ ఉంటే ముందు కరెంటు కంపెనీని పిలవండి, తర్వాతే గొట్టం.

ప్రశ్న: మార్చకముందు పరీక్షలో 4 పీపీబీ వచ్చింది. మార్చిన నెలకు 11 వచ్చింది. మోసపోయామా?

జవాబు: కాకపోవచ్చు. మొదటి 4 నమ్మదగ్గదా అన్నది ముందు చూడాలి. ఆరు గంటలకు పైగా ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి, జాలీ విప్పకుండా, చన్నీళ్లు, వరసగా ఐదు లీటరు సీసాలు పట్టాలి. మొదటి లీటరు మీ కుళాయిలో, దాని వెనక గొట్టంలో నిలిచిన నీరు. ఐదోది బయటి సర్వీస్ లైనులో నిలిచిన నీరు. సీసం గొట్టమున్న ఇళ్లకు కొత్త నిబంధన ఈ రెండింటినీ పరీక్షించి, ఎక్కువ వచ్చినదాన్నే లెక్కించమంటుంది. మీరు మొదటి లీటరు మాత్రమే పంపి ఉంటే, ఆ 4 బయటి గొట్టం సంగతి చెప్పలేదు.

మార్చిన నెలకు వచ్చిన 11కు కారణం ఎక్కువసార్లు ఇంటి లోపలి గొట్టాల్లో చేరిన పాత పెచ్చులు. పైన చెప్పిన అరగంట ఫ్లషింగు మళ్లీ చేసి, మూడో నెలలో మళ్లీ పరీక్షించండి. అప్పుడూ మొదటి లీటరే ఎక్కువగా ఉంటే వంటింటి కుళాయిని, దాని కింది వాల్వును మార్చండి. 1986కు ముందు రాగి గొట్టాలను అతికిన టాంకంలో సగం సీసమే. హెచ్చరిక అంకె కన్నా తక్కువ అన్నంత మాత్రాన సురక్షితమని అర్థం కాదు. అది ఊరి మొత్తానికి చర్య ఎప్పుడు తీసుకోవాలో చెప్పే అంకె, పిల్లలకు ఉండదగ్గ సీసం లక్ష్యం సున్నా.

ప్రశ్న: మా బాబు రక్తంలో సీసం 4 వచ్చింది. నీళ్ల పరీక్షలో ఏమీ లేదు. మరి ఎక్కణ్ణుంచి?

జవాబు: డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే కిటికీల పాత రంగు మొదటి అనుమానం. మన ఇళ్లకు ప్రత్యేకంగా చూడాల్సినవి, ఊరి నుంచి తెచ్చిన విడి పసుపు, కాటుక, సింధూరం, అల్యూమినియం, హిండాలియం గిన్నెలు. అలాంటి కొన్ని దిగుమతి గిన్నెల నుంచి సీసం ఆహారంలోకి దిగుతోందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. పులుపు తగిలే చారు, పులుసు స్టీలు గిన్నెలోకి మార్చేయండి.

ప్రశ్న: ఇంగ్లండులో లెస్టర్‌లో వరస ఇళ్లలో ఒకటి మాది, వందేళ్లు దాటింది. వంటింటి సింకు కింద గొట్టం బూడిద రంగులో ఉంది. ఇక్కడ పద్ధతి ఏమిటి?

జవాబు: బ్రిటన్‌లో 1970కి ముందు కట్టిన ఇల్లంటేనే అనుమానించాలి. కాసు పరీక్ష మీకూ అదే, సింకు కింది స్టాప్ ట్యాప్ దగ్గర చేయండి. మీ హద్దు బయట ఉన్న భాగం నీళ్ల కంపెనీది, లోపలిది మీది. మీ భాగం మీరు మారిస్తే తమ భాగం ఉచితంగా మార్చే కంపెనీలు చాలా ఉన్నాయి, కాబట్టి తవ్వకముందే వాళ్లకు దరఖాస్తు చేయండి. రెండూ ఒకే వారం పడేలా చూసుకోండి. వరస ఇళ్లలో ఒకే గొట్టం నాలుగైదు ఇళ్లకు పంచుకుని ఉండటం మామూలు. అప్పుడు మీ ఒక్కరికి విడి కనెక్షన్ తీసుకోవడమే శాశ్వత దారి. సాధారణంగా వేసేది 25 మిల్లీమీటర్ల నీలి ప్లాస్టిక్ గొట్టం, లోతు కనీసం 750 మిల్లీమీటర్లు. కంపెనీవాళ్లు చూసేదాకా కాలువ పూడ్చకండి, పూడిస్తే మళ్లీ తవ్వమంటారు. వాటర్‌సేఫ్ అనే గుర్తింపు పొందిన ప్లంబర్ల జాబితాలో ఉన్నవాళ్లనే పెట్టుకోండి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా నాన్నగారి ఇల్లు 1960లలో కట్టింది. వీధిలో పాత కాస్ట్ ఐరన్ మెయిన్లకు సీసం పోసి అతికేవారని విన్నాం. మనకూ ఈ భయం ఉందా?

జవాబు: పోసేవారు, నిజమే. ఒక పైపు చివరను ఇంకోదాని మూతిలో దూర్చి, సందులో ముందు నార తాడు దట్టించి, దాని మీద కరిగిన సీసం పోసి, ఉలితో బిగించేవారు. నీటి వైపు నార, మట్టి వైపు సీసం. మెయిన్‌లో నీళ్ల పరిమాణం ముందు ఆ అతుకుకు తగిలేది తక్కువ. ఇప్పటి డక్టైల్ ఐరన్ పైపులకు రబ్బరు రింగులే. ఇళ్లకు వచ్చిన లైన్లు మన దగ్గర ఎక్కువగా జీఐ (గాల్వనైజ్డ్ ఇనుము) పైపులు. అయినా మీటరు దగ్గర ఆ కాసు పరీక్ష ఒకసారి చేయండి, ఖర్చు లేనిది.

మీ ఇంట్లో చూడాల్సినవి వేరే. జీఐ పైపు తుప్పు పట్టి సన్నగిల్లితే, నీళ్లు రాని వేళల్లో పక్కనున్న డ్రైనేజీ నీరు లోపలికి పీల్చుకుంటుంది. ముందు ముప్పు అదే. మార్చేటప్పుడు పీవీసీ అయితే ఐఎస్ 4985, సీపీవీసీ అయితే ఐఎస్ 15778 గుర్తు పైపు మీదే ముద్రించి ఉందో చూడండి. పీవీసీ గట్టిపడడానికి సీసం సమ్మేళనాలు కలిపేవారు, వాటిని తగ్గించుకుంటూ పోవాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. పైపు మీద "సీసం లేనిది" అన్న ముద్ర కోసం కూడా వెతకండి. మార్కులేని చౌక ఇత్తడి కుళాయి తాగేనీళ్ల దగ్గర వద్దు.

పరీక్ష చేయించదలిస్తే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సీసం విడిగా అడగాలి, మామూలు ప్యాకేజీలో అది ఉండదు. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరు చూసి సీసం లేదనుకోవద్దు. అది చూపించే అతి చిన్న అంకె ఒకటి, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, సీసం హద్దు దానిలో నూరో వంతు.